సీలేరు కొండల పటం గీయడం ఎలా: నీటిమట్టం దగ్గర మొదలుపెట్టి శిఖరం దాకా

మా కోనసీమలో ఎత్తు అంటే ఏటిగట్టే. అది ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. అలాంటి చోట పుట్టిన నాకు కొండల పటాల మీద ఆసక్తి కలిగింది దాళ్వా (రెండో పంట) నీళ్ళ వల్ల. గోదావరిలో సహజ ప్రవాహం తగ్గిపోయే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా కాలువ శివారు రైతులు అడిగే ప్రశ్న ఒకటే: "సీలేరు నీళ్ళు వదిలారా?" ఆ నీళ్ళు జోలాపుట్టు, బలిమెల, గుంటవాడ, డొంకరాయి జలాశయాలు ఒక్కొక్కటే దిగుతాయి. మోతుగూడెం దగ్గర కరెంటు పుట్టిస్తాయి. శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి, ధవళేశ్వరం బ్యారేజీ చేరి, చివరికి మా పంట బోదెలోకి వస్తాయి. ఆ దారిని కాగితం మీద చూసుకోవాలన్న కోరికతో పటం గీయడం నేర్చుకున్నాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పని చేస్తూ తెలుసుకున్నదే.

దీన్ని అనుసరిస్తే డొంకరాయి జలాశయం, మారేడుమిల్లి అడవి, చుట్టుపక్కల కొండలు కలిపి 1:50,000 స్కేలులో ఒక టోపో పటం, అంటే ఎత్తుపల్లాలు చూపే పటం, తయారవుతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్, పటాలు గీయడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, జీపీఎస్ ఉన్న ఫోన్ చాలు. రోజూ సాయంత్రం రెండు గంటలు కూర్చుంటే నెల రోజుల పని. కొండల్లో తిరగడానికి మరో రెండు మూడు రోజులు పెట్టుకోండి.

ముందు కాంటూరు అంటే ఏమిటో మనసులో పట్టాలి

కాంటూరు రేఖ అనగానే చాలామందికి బడిలో చదివిన "సమోన్నత రేఖ" గుర్తొచ్చి టెన్షన్ పుడుతుంది. డెల్టా వాళ్ళకు ఇది రోజూ కళ్ళముందు కనిపించేదే. దమ్ము చేయని చేలోకి కాలువ నీళ్ళు వదిలి చూడండి. నీళ్ళు ముందు పల్లం పట్టుకుంటాయి, మెరక పొడిగా మిగులుతుంది. ఆ తడికీ పొడికీ మధ్య వంకర టింకరగా కనిపించే అంచే కాంటూరు. ఆ అంచు మీద ప్రతి చోటూ ఒకే ఎత్తులో ఉంటుంది. ఇంకో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పెడితే అంచు జరిగి ఇంకో కాంటూరు పడుతుంది. చేను చదునుగా ఉన్నచోట అంచు చాలా దూరం జరుగుతుంది, గట్టు వాలు దగ్గర దాదాపు కదలదు. పటంలో రేఖలు దూరందూరంగా ఉంటే చదును, దగ్గరదగ్గరగా ఉంటే నిటారు అని చెప్పేది దీన్నే.

జలాశయం కూడా పెద్ద మడిలాంటిదే. దాని ఒడ్డు ప్రకృతి గీసిన కాంటూరు. అందుకే నేను కొండ శిఖరం దగ్గర కాకుండా నీటి దగ్గర పని మొదలుపెడతాను. దట్టమైన అడవిలో ఉపగ్రహం ఇచ్చే ఎత్తులు చెట్ల వల్ల తప్పుతాయి. నీటి మీద చెట్లుండవు. పైగా ఆ మట్టాన్ని ఇంజనీర్లు రోజూ కొలుస్తారు.

సీలేరు వరుసలో ఈ మేలు ఇంకా ఎక్కువ. పూర్తి నీటిమట్టాలు చూడండి: జోలాపుట్టు 2,750 అడుగులు, డుడుమ 2,590, బలిమెల 1,516, గుంటవాడ 1,360, డొంకరాయి 1,037. మీటర్లలో ఇవి సుమారు 838, 789, 462, 415, 316. ఒకే నది మీద మెట్లలాగా అయిదు మట్టాలు. మీ పటంలో ఎత్తులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు.

ఎంత మేర గీయాలి

మొదటి పటానికి పెద్ద ప్రాంతం ఎంచుకోవద్దు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు ఒక్కొక్కటి 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది. మన దగ్గర అది ఉత్తర దక్షిణాలుగా దాదాపు 28 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 26 కిలోమీటర్ల చిల్లర. మీరూ అంతే తీసుకోండి.

పాత షీట్ల నంబర్లు చదవడం తెలిస్తే చాలా సమయం మిగులుతుంది. 80 నుంచి 84 డిగ్రీల తూర్పు, 16 నుంచి 20 డిగ్రీల ఉత్తరం మధ్య ఉన్న ప్రాంతం 65వ నంబరు షీటు. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున 16 గళ్ళుగా చేసి ఏ నుంచి పీ దాకా అక్షరాలు పెట్టారు. అక్షరాలు పై నుంచి కిందికి నడుస్తాయి, ఒక నిలువు వరుస అయ్యాక పక్క వరుస. ప్రతి గడినీ మళ్ళీ ఇదే పద్ధతిలో 16 భాగాలు చేసి 1 నుంచి 16 అంకెలు వేశారు. ఈ లెక్కన మారేడుమిల్లి 65 జీ/10లో, రంపచోడవరం 65 జీ/15లో, డొంకరాయి 65 జీ/13లో పడతాయి. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకు వేరే నంబర్లున్నాయి, మన ప్రాంతానివి ఈ44తో మొదలవుతాయి. వాటిని సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. ఒకటి దగ్గర పెట్టుకోండి. మన పటాన్ని సరిచూసుకోవడానికీ, రంగులూ గుర్తులూ ఎలా వాడాలో నేర్చుకోవడానికీ పనికొస్తుంది.

ఇలా పటం గీయడానికి అనుమతి కావాలా అని చాలామంది అడుగుతారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన జియోస్పేషియల్ మార్గదర్శకాల తర్వాత భారతీయులు పటాలు తయారుచేసుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. అయితే భద్రతకు సంబంధించిన కొన్ని వివరాలను పటంలో గుర్తించకూడదు. విద్యుత్ కేంద్రాల లోపలి నిర్మాణాల జోలికి నేను అసలు పోను. కొండలు, నీళ్ళు, దారులు, ఊళ్ళు ఇవే మన పని.

ఎత్తుల డేటా దించుకోవడం

భూమి ఎత్తులను చిన్న చిన్న గళ్ళలో నింపి ఇచ్చే ఫైలును డెమ్ అంటారు. ఉచితంగా దొరికేవాటిలో మూడు మనకు ముఖ్యం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఒకటి. జర్మనీ టాన్‌డెమ్-ఎక్స్ ఉపగ్రహాల రాడార్ కొలతల నుంచి వచ్చిన కోపర్నికస్ డెమ్ రెండోది. మన కార్టోశాట్-1 జంట కెమెరాలతో తయారైన కార్టోడెమ్ మూడోది, దీన్ని హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్ఆర్‌ఎస్‌సీ తన భువన్ సైట్‌లో పెట్టింది. మూడింటిలోనూ ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. నా అనుభవంలో ఈ కొండలకు కోపర్నికస్ బాగుంటుంది, లోయలు స్పష్టంగా వస్తాయి. ఓపెన్‌టోపోగ్రఫీ సైట్‌లో రిజిస్టర్ చేసుకుని ఉత్తరం 17, తూర్పు 81 టైలు, అంటే ఆ ఒక డిగ్రీ గడి, దించుకోండి. డొంకరాయి జలాశయం 18వ అక్షాంశానికి దగ్గర్లోనే ఉంది కాబట్టి పై టైలు కూడా తీసుకుని, క్యూజీఐఎస్‌లో మెర్జ్ చేసి, మీ హద్దుల ప్రకారం కత్తిరించండి. హద్దులకు బయట నాలుగు వైపులా రెండేసి కిలోమీటర్లు ఎక్కువ ఉంచండి. లేకపోతే అంచుల్లో వాగులు సగంలో తెగిపోతాయి.

తర్వాత ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి దించే పద్ధతి, మార్చాలి. డిగ్రీల్లో ఉన్న డెమ్ మీద వాలు లెక్కేస్తే అర్థంలేని అంకెలొస్తాయి. దూరాలను మీటర్లలో ఇచ్చే యూటీఎం పద్ధతిలో మనది 44వ ఉత్తర జోన్, క్యూజీఐఎస్‌లో దాని కోడ్ 32644. ఈ జోన్ నడిమి గీత 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, మన ప్రాంతానికి చాలా దగ్గర. అందువల్ల దూరాల్లో వంకర తక్కువగా ఉంటుంది.

ఏ సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు?

ఇక్కడే కొత్తవాళ్ళు దెబ్బతింటారు. నేనూ తిన్నాను. మొదటిసారి రెండు రకాల డెమ్‌లు తెచ్చి, ఒకదానిలో ఖాళీలుంటే రెండోదానితో పూడ్చాను. కొండ మధ్యలో 70 మీటర్ల నిలువు గోడ లేచింది. అలాంటి గోడ అక్కడ ఉండే అవకాశమే లేదు. కారణం తెలియక వారం రోజులు తలపట్టుకున్నాను. చివరికి రెండో డెమ్‌ను కిందికి సముద్రం దాకా జరిపి అంతర్వేది మీద క్లిక్ చేస్తే, ఎత్తు మైనస్ 70 మీటర్ల దరిదాపుల్లో చూపించింది. అప్పుడు అర్థమైంది.

జీపీఎస్, దానితో పాటు కార్టోడెమ్, భూమిని నున్నటి గుడ్డులాంటి గణిత ఆకారంగా భావించి దాని మీద నుంచి ఎత్తు చెబుతాయి. అసలు సముద్రమట్టం ఆ ఆకారాన్ని అంటిపెట్టుకుని ఉండదు. గురుత్వాకర్షణ తేడాల వల్ల మన తీరంలో అది దాదాపు 70 మీటర్లు కిందికి దిగి ఉంటుంది. ఎస్ఆర్‌టీఎం, కోపర్నికస్ మాత్రం ఈ తేడాను సవరించి సముద్రమట్టం నుంచి ఎత్తు ఇస్తాయి. మొదటిది ఈజీఎం96 అనే నమూనాతో, రెండోది ఈజీఎం2008తో. మన దేశపు పాత లెవెల్ గుర్తులన్నీ విశాఖపట్నంతో కలిపి తొమ్మిది రేవుల్లో కొలిచిన సగటు సముద్రమట్టం మీద ఆధారపడి ఉన్నాయి. అందుకని ఏ ఫైలు తెచ్చినా ముందు సముద్రం ఒడ్డున ఒకచోట క్లిక్ చేసి చూడండి. సున్నాకు దగ్గరగా ఉంటే సరే. మైనస్ 70 దగ్గరుంటే సవరించాకే వాడండి. డెల్టా వాళ్ళకు సముద్రం పక్కనే ఉంది, ఈ పరీక్ష అరనిమిషం పని.

ఇలాంటిదే ఇంకో సంగతి. వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని వింటాం. ఆ అడుగులు బ్యారేజీ దగ్గరి గేజి మీద చదివే అంకెలు. సముద్రమట్టం నుంచి ఎత్తు కావు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు కూడా అంతే. గేజి అంకెనూ సముద్రమట్టం ఎత్తునూ కలిపేస్తే పటం మొత్తం తప్పుతుంది. జలాశయాల మట్టాలు చాలావరకు సముద్రమట్టం నుంచే చెబుతారు, కానీ మీరు వాడే ప్రతి అంకెకూ "ఇది ఎక్కడి నుంచి కొలిచింది?" అని అడగండి.

జలాశయం ఒడ్డు గీయడం

ఈ పనికి ఎంత ఓపిక పెడితే పటం అంత బాగా వస్తుంది.

యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి మన మీదుగా వెళ్తూ ఫొటోలు తీస్తాయి. కోపర్నికస్ డేటా స్పేస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు. మార్చి, ఏప్రిల్‌లో కొండల మీద పోడు పొగలు, అడవి మంటలు. కాబట్టి రెండు ఫొటోలు ఎంచుకోండి: జలాశయం నిండుగా ఉండే అక్టోబరు చివర లేక నవంబరుది ఒకటి, నీళ్ళు బాగా తగ్గిన మే లేక జూన్ మొదటి వారానిది ఇంకొకటి.

ఫొటోలోంచి నీళ్ళను విడదీయడానికి ఒక చిన్న లెక్క ఉంది. నీరు ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పికొడుతుంది, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది. ఆకులు ఆ పరారుణాన్ని బాగా తిప్పికొడతాయి. ఫొటోలో ఒక్కో రంగు కాంతి ఒక్కో బ్యాండ్‌గా వస్తుంది. మూడో బ్యాండ్ (ఆకుపచ్చ) నుంచి ఎనిమిదో బ్యాండ్ (పరారుణం) తీసేసి, రెండింటి మొత్తంతో భాగించండి. ఫలితం సున్నాకు పైన ఉన్నచోట్లు సాధారణంగా నీళ్ళు. ఈ రెండు బ్యాండ్లలోనూ గడి 10 మీటర్లే, అంటే డెమ్ కన్నా మూడు రెట్లు సన్నం. క్యూజీఐఎస్‌లో రాస్టర్ కాలిక్యులేటర్‌తో ఈ పని అయిపోతుంది. వచ్చినదాన్ని పాలిగాన్‌గా, అంటే చుట్టూ గీత మూసుకున్న ఆకారంగా, మార్చండి.

ఒక చిక్కుంది. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి కొండల ఉత్తరపు వాలున నల్లటి నీడ పడుతుంది. ఈ లెక్కకు ఆ నీడ కూడా నీళ్ళలాగే కనిపిస్తుంది. దాన్ని ఏరేయడం తేలిక. డెమ్ నుంచి వాలు పటం తీసి, 5 డిగ్రీల కన్నా ఎక్కువ వాలున్నచోట నీళ్ళని తేలినదంతా కొట్టేయండి. కొండవాలు మీద నీళ్ళు నిలవవు కదా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఫొటో తీసిన తేదీ మీకు తెలుసు. ఆ తేదీన డొంకరాయిలో నీటిమట్టం ఎంతో స్థానిక దినపత్రికల జిల్లా పేజీల్లో తరచూ వస్తుంది, "డొంకరాయిలో ఇన్ని అడుగులు, గుంటవాడలో ఇన్ని అడుగులు" అని. ఫొటోలోని ఒడ్డుకు ఆ అంకె తగిలించండి. అది నిజమైన కాంటూరు. దాని ఎత్తు మనిషి కొలిచిందీ, అంచు కంటికి కనిపించిందీ. ఏడాదిలో నాలుగైదు వేరు వేరు మట్టాలున్న తేదీలు పట్టుకుంటే నాలుగైదు కాంటూర్లు దొరుకుతాయి. నిండు మట్టానికీ వేసవి మట్టానికీ మధ్య ఎండిపోయి బయటపడే నేల ఆకారం మొత్తం తెలుస్తుంది. ఆ నేల ఏ డెమ్‌లోనూ నమ్మకంగా ఉండదు, ఎందుకంటే రాడార్ పైనుంచి వెళ్ళిన రోజున అక్కడ నీళ్ళున్నాయో లేదో దాని మీద ఆధారపడుతుంది. అడుగులను మీటర్లు చేయడానికి 0.3048తో గుణించండి.

ఒకేరోజు ఫొటో, ఒకేరోజు మట్టం కావాలి. నీళ్ళు వదిలే రోజుల్లో మట్టం గబగబా మారుతుంది కాబట్టి వారం తేడా ఉన్న అంకెను వాడకండి.

దీని తర్వాత డెమ్‌లో జలాశయం మీద క్లిక్ చేసి ఎత్తు చూడండి. డొంకరాయిలో 316 మీటర్లకు కొంత తక్కువ రావచ్చు. అది తప్పు కాదు, కొలిచిన రోజున జలాశయం నిండుగా లేదన్నమాట. 316 కన్నా బాగా ఎక్కువ వచ్చినా, 240ల్లో వచ్చినా పైన చెప్పిన సముద్రమట్టం గొడవే. గుంటవాడ, బలిమెల ఉన్న టైళ్ళు కూడా దించుకుని అక్కడా ఇలాగే చూడండి. మూడు చోట్లా ఒకే వైపు, ఒకే అంతరం ఉంటే డెమ్ మొత్తానికి ఆ సవరణ చేయవచ్చు.

నీటి కింద ఏముంది అన్నది వేరే సంగతి. వేసవి మట్టానికి దిగువన ఉన్న లోయ ఏ ఉపగ్రహ ఫొటోలోనూ కనిపించదు. సీలేరు ఆనకట్టల ముందు కాలపు పటాల్లో ఆ లోయ కాంటూర్లు ఉన్నాయి. 1950ల్లో అమెరికా సైన్యం ముద్రించిన యూ502 సిరీస్ పటాలు 1:250,000 స్కేలులో టెక్సస్ విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మునిగిపోయిన నది ఎలా వంకరలు తిరిగిందో అందులో చూడవచ్చు. నేను దాన్ని జలాశయం లోపల లేత నీలం చుక్కల గీతగా గీస్తాను. లోతు అంకెలు మాత్రం వేయను, ఆ స్కేలుకు అంత నమ్మకం లేదు.

అడవి దాచిన ఎత్తు

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో వెళ్ళినవాళ్ళకు ఆ అడవి ఎంత దట్టమో తెలుసు. రాడార్‌కు అక్కడ నేల సరిగా కనిపించదు. ఆకుల పైకప్పు దగ్గరే, లేక కొంచెం లోపలికి వెళ్ళి తిరిగొచ్చేస్తుంది. కాబట్టి డెమ్‌లో ఉన్నది చాలాచోట్ల చెట్ల ఎత్తు కూడా కలిసిన లెక్క.

ఎంత కలిసిందో తెలుసుకోవడానికి పోడు చేలు ఉపయోగపడతాయి. వాలు మీద అడవి నరికి సాగుచేసిన చెలక, దాని పక్కనే నిలిచి ఉన్న అడవి, ఈ రెండింటి మీదుగా ఒకే మట్టంలో అడ్డంగా ప్రొఫైల్ గీయండి. సరిహద్దు దగ్గర మెట్టులా లేస్తే ఆ మెట్టే చెట్ల వాటా. పదీ పదిహేను చోట్ల చూసి సగటు తీయండి. గుడిస కొండ మీది గడ్డి మైదానాలు కూడా దీనికి మంచి చోటు, అక్కడ చెట్లు లేవు కాబట్టి డెమ్ ఎత్తు నేల ఎత్తే.

ఈ కష్టం లేకుండా బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కోపర్నికస్ డెమ్ నుంచి అడవులూ భవనాలూ తీసేసి ఫాబ్‌డెమ్ అని ఒకటి విడుదల చేశారు. వ్యాపారానికి కాకుండా వాడుకోవచ్చు. నేను దాన్నే మూలంగా తీసుకుని, పోడు అంచుల దగ్గర మెట్టు నిజంగా పోయిందో లేదో చూసుకుంటాను. చాలాచోట్ల పోతుంది. ఇరుకు లోయల్లో మాత్రం కొంత మిగులుతుంది.

కాంటూర్లు, వాగులు

ముందు డెమ్‌లో జలాశయం పాలిగాన్ లోపలి గళ్ళన్నిటికీ ఒకే ఎత్తు ఇచ్చేయండి. లేకపోతే నీళ్ళ మధ్యలో కాంటూర్లు పుట్టుకొస్తాయి. నా మొదటి పటంలో డొంకరాయి మధ్యలో నాలుగు దీవులు ఇలాగే తేలాయి. తర్వాత డెమ్‌ను కొద్దిగా నునుపు చేయండి, మూడు గళ్ళ గాసియన్ ఫిల్టర్ చాలు. ఎక్కువ చేస్తే శిఖరాలు అరిగిపోతాయి.

1:50,000 పటంలో కొండ ప్రాంతానికి 20 మీటర్ల అంతరం సరిపోతుంది. ప్రతి అయిదో రేఖ, అంటే ప్రతి 100 మీటర్లది, మందంగా వేసి అంకె రాయండి. 10 మీటర్లు పెడితే పాపికొండల దగ్గర రేఖలన్నీ అంటుకుపోయి గోధుమరంగు మచ్చ మిగులుతుంది. పైగా ఈ డెమ్‌లకు అంత సూక్ష్మత లేదు. 150 మీటర్ల కన్నా చిన్న చుట్లు తీసేయండి, వాటిలో చాలావరకు చెట్ల గుంపులే.

వాగుల కోసం క్యూజీఐఎస్‌లోని గ్రాస్ వాటర్‌షెడ్ సాధనం వాడండి. ఎన్ని గళ్ళ నీళ్ళు చేరితే వాగని పిలవాలో అది అడుగుతుంది. 500 ఇవ్వండి. అంటే 45 హెక్టార్ల నీళ్ళు ఒకచోట చేరితే గీత మొదలవుతుంది. వచ్చిన గీతలను ఉపగ్రహ ఫొటో మీద వేసి చూడండి. కాంటూరు లోయను దాటేచోట దాని మొన ఎప్పుడూ ఎగువకే చూపాలి. దిగువకు చూపితే వాగో కాంటూరో ఒకటి తప్పు. ఈ ఒక్క నియమంతో పటం మొత్తం ఒకసారి వెతికితే తప్పుల్లో సగం దొరికిపోతాయి.

కొండ మీదికి

ఇంట్లో గీసిన పటం ఎంత బాగున్నా కొండకు వెళ్ళకుండా పూర్తవదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. 2008లో ఏర్పడిన పాపికొండ జాతీయ పార్కు హద్దుల్లోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. రేంజ్ ఆఫీసులో ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పండి. ఆ ఊరి మనిషిని తోడు తీసుకోండి, రోజు కూలి కన్నా కొంచెం ఎక్కువే ఇవ్వండి. దోమతెర, పొడుగు చేతుల చొక్కా మర్చిపోవద్దు, మలేరియా ఉన్న ప్రాంతం. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. ఆనకట్టల దగ్గర ఫొటోలు తీయకండి.

ఫోన్‌లో క్యూఫీల్డ్ యాప్ పెట్టి మీ పటాన్ని అందులోకి ఎక్కించుకుంటే, నెట్‌వర్క్ లేకపోయినా మీరు ఎక్కడున్నారో పటం మీద కనిపిస్తుంది. ఘాట్ రోడ్డు కల్వర్టులు, వంతెనలు, బడులు, గుళ్ళు, రెండు వాగులు కలిసేచోట్లు గుర్తించండి. చెట్ల కింద జీపీఎస్ అటూ ఇటూ దూకుతుంది. ముఖ్యమైన చోట పది నిమిషాలు కదలకుండా నిలబడి సగటు తీసుకోండి.

జీపీఎస్ ఎత్తు నమ్మదగింది కాదు. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే అదే మేలు. గాలి ఒత్తిడి ఒక హెక్టాపాస్కల్ తగ్గితే సుమారు 8 నుంచి 9 మీటర్లు ఎక్కినట్టు. అయితే మన ఉష్ణమండలంలో ఒత్తిడి రోజూ తనంతట తానే ఉదయం పది గంటలకు పెరిగి, సాయంత్రం నాలుగుకు మూడు హెక్టాపాస్కల్ దాకా తగ్గుతుంది. అంటే మీరు కదలకుండా కూర్చున్నా ఫోన్ పాతిక మీటర్లు ఎక్కారని చెబుతుంది. దీనికి మందు ఒకటే. ఎత్తు తెలిసిన చోట మొదలుపెట్టి, సాయంత్రం మళ్ళీ అక్కడికే వచ్చి అంకె చూసి, వచ్చిన తేడాను మధ్యలో కొలిచిన చోట్లకు సమయం ప్రకారం పంచండి. నేను పొద్దున్నే జలాశయం ఒడ్డున, ప్రజలు మామూలుగా తిరిగే చోట, ఆ రోజు మట్టం తెలుసుకుని మొదలుపెడతాను.

పేర్లు అడగడం కొలతలంత ముఖ్యం. ఒకసారి నా పటంలో ఒక కొండ మీద రాసిన పేరు చూసి తోడు వచ్చిన కొండరెడ్డి పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"అది కొండ పేరు కాదు బాబూ, కింద పారే వాగు పేరు. కొండకి వేరే పేరుంది."

"మరి పుస్తకంలో ఇలాగే ఉందండీ."

"రాసినోళ్ళు కొండెక్కలేదేమో. వాగు దగ్గరే ఆగి అడిగుంటారు."

అప్పటినుంచి ఒక్కో పేరునూ ఇద్దరు ముగ్గురిని అడిగి, వాళ్ళు పలికినట్టే రాసుకుంటున్నాను. ఒకే నీటికి ఎగువ ఊళ్ళో ఒక పేరు, దిగువ ఊళ్ళో ఇంకో పేరు ఉంటే రెండూ వేయండి. "గెడ్డ" అన్నదాన్ని "వాగు" అని మార్చకండి.

షీటు తయారుచేయడం

రంగుల్లో కొత్తదనం వద్దు. కాంటూర్లు గోధుమరంగు, నీళ్ళు నీలం, అడవి లేత ఆకుపచ్చ, సాగు నేల పసుపు, రోడ్లూ ఊళ్ళూ ఎరుపు, పేర్లు నలుపు. వేసవిలో బయటపడే జలాశయం నేలకు లేత నీలం చుక్కలు. కొండల ఆకారం ఉబ్బెత్తుగా కనిపించడానికి హిల్‌షేడ్‌ను, అంటే వెలుగునీడల పొరను, కాంటూర్ల కింద చాలా పలచగా పరచండి. వెలుగు 315 డిగ్రీల దిక్కు నుంచి, అంటే వాయవ్యం నుంచి రావాలి. దక్షిణం నుంచి పెడితే చాలామంది కళ్ళకు కొండలు గోతుల్లా కనిపిస్తాయి.

తెలుగు పేర్లకు మండలి లేక నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వాడండి. పీడీఎఫ్ చేసేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చే ఆప్షన్ పెట్టండి, లేకపోతే కొన్ని ప్రింటింగ్ షాపుల్లో ఒత్తులు విడిపోతాయి. వాగు పేరు వాగు వంపు వెంటే, నీలంలో. కాంటూరు అంకెల తల ఎప్పుడూ ఎత్తు వైపుకి.

1:50,000లో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. 15 నిమిషాల షీటు సుమారు 55 సెంటీమీటర్ల పొడవు, 53 వెడల్పు వస్తుంది. ఫ్లెక్సీ మీద కాకుండా మందపాటి మ్యాట్ కాగితం మీద వేయించండి, పెన్సిలుతో రాసుకోవచ్చు. ప్రింట్ వచ్చాక స్కేలు పెట్టి కొలవండి. షాపులో "ఫిట్ టు పేజ్" నొక్కితే స్కేలు పోతుంది.

అంచులో రాయాల్సినవి: ఏ డెమ్, ఏ తేదీ ఫొటోలు, ప్రొజెక్షన్, ఎత్తులు ఏ మట్టం నుంచి, ఒడ్డు గీసిన రోజున జలాశయంలో ఎన్ని అడుగులు. చివరిది లేకపోతే మీ జలాశయం ఒడ్డు ఎవరికీ ఉపయోగపడదు.

మొదటి ప్రతిని తోడు వచ్చినవాళ్ళ ఊళ్ళో బడి గోడకు పెట్టి, పక్కన పెన్సిలు వేలాడదీసి రండి. నెల తర్వాత వెళ్ళేసరికి నా పటం మీద పదకొండు దిద్దుబాట్లు ఉన్నాయి. మూడు ఊట చెలమలు, ఒక పాత ఎడ్లబండి దారి, మిగతావన్నీ పేర్లు. రెండో ప్రతిలో అవన్నీ ఎక్కించాను.